రెండు రాళ్ళు, ఒక్క మాట

ఆ రోజుకి మేస్త్రి వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. తొమ్మిదింటికల్లా రెండు రాళ్ళూ బండెక్కించాలి. పదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మున్సిపాలిటీవారి సభలో వెనక వరసలో కూర్చోవాలి. పన్నెండింటికి శ్మశానానికి వెళ్ళి రెండో రాయి సరిగ్గా నిలబడిందో లేదో చూసుకోవాలి. ఒంటిగంటకి ఇంటికొచ్చి భోంచేసి నడుం వాల్చాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రాయి చెక్కుతున్న మనిషికి ఇంతకంటే పెద్ద కోరికలు ఉండవు. ఉన్నా తీరవు.

మొదటి రాయి మున్సిపాలిటీది. కొత్తగా కట్టిన ఫిర్యాదుల స్వీకరణ కేంద్రం గోడలో పెట్టే శిలాఫలకం. పైన కేంద్రం పేరు, దాని కింద ‘ప్రజాసేవకు అంకితం’, ఆ కింద పదకొండు మంది పేర్లు, హోదాలతో సహా. చైర్మన్ పేరు అన్నిటికంటే లావు అక్షరాల్లో ఉండాలని మూడుసార్లు కబురొచ్చింది. డ్రైనేజీ ఇంజనీరుది నాలుగో పేరు. తనది మూడోది చేయమని ఆయన కూడా కబురు పంపాడు గానీ, మూడో పేరాయన ఒప్పుకోలేదు.

రెండో రాయి ఒక ఆడమనిషి సమాధిది. ఆమె మేస్త్రి ఉండే వీధిలోనే బట్టలు కుట్టేది. ఏడాది కిందట, వీధంతా మోకాలి లోతు వాన నీళ్ళు నిలిచిన రోజున, డ్రైనేజీవాళ్ళు తవ్వి మూత పెట్టకుండా వదిలేసిన గోతిలో పడింది. నీళ్ళు తీశాక దొరికింది. గొయ్యి మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. ఎవరో పుణ్యాత్ముడు గుర్తుగా ఉంటుందని అందులో ఒక విరిగిన కుర్చీ దింపి వెళ్ళాడు. ఏడాదిలో ఆ గోతి విషయంలో జరిగిన అభివృద్ధి ఆ కుర్చీ ఒక్కటే.

ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. వీధి మొత్తానికి ‘పెద్దాయన’. మేస్త్రికి మాత్రం అన్నయ్య, ఎందుకంటే మేస్త్రి భార్య పోయినామెను అక్కా అని పిలిచేది. ఆ పెద్దాయన ఒక చీటీ మీద రాసుకొచ్చి ఇచ్చినదాంట్లో ఆమె పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఆ కింద ఒక వాక్యం ఉన్నాయి. ‘ఈమె మన వీధి చివరి గోతిలో పడి చనిపోయింది. ఏడాది గడిచినా ఆ గొయ్యి మూయనివాళ్ళు’ అని, ఆ తర్వాత ఒక్క మాట. ఆ మాట ఏమిటో ఇక్కడ రాయడం లేదు. ఊళ్ళో అందరికీ వచ్చిన మాటే. ఎవరూ బళ్ళో నేర్చుకున్నది మాత్రం కాదు.

చీటీ చదివి మేస్త్రి తల గోక్కున్నాడు. "అన్నయ్యా, అంతా బాగుంది గానీ, చివరి మాట ఒక్కటి మారుద్దాం."

"ఏం, అక్షరాలు ఎక్కువయ్యాయా?"

"తక్కువే. అదే బాధ. ‘నిర్లక్ష్యపరులు’ అని వేద్దామా?"

"మూడో అర్జీలో రాశాను."

"‘బాధ్యత లేనివాళ్ళు’?"

"ఏడో అర్జీ."

"పోనీ ‘మనసు లేనివాళ్ళు’?"

"పన్నెండో అర్జీ. అది రాసేటప్పుడు ఏడ్చాను కూడా." పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మర్యాద మాటలన్నీ అయిపోయాయి మేస్త్రీ. పదిహేడు అర్జీల్లో వాడేశాను. ‘బాధ్యుడైన అధికారి పేరు’ అనే గడి ఖాళీగా ఉందని పదిహేడూ తిప్పి పంపారు. ఆ పేరేదో చెప్పండయ్యా, నింపుతాను అంటే, పేర్లు చెప్పే అధికారం మాకు లేదన్నారు. ఇంక నా దగ్గర మిగిలిందల్లా ఈ మాటే."

మేస్త్రి షాపు గోడ మీద ‘చీటీలో ఉన్నదే రాయి మీద’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ నియమం పెట్టుకున్నది మేస్త్రే. మూడు రోజులు ఆ చీటీని ఉలి పెట్టెలో దాచి, నాలుగో రోజు చెక్కడం మొదలుపెట్టాడు. ఆ చివరి మాట దగ్గర చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. తన పనిలోకెల్లా అదే బాగా కుదిరిందనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి, ఎవరైనా చూస్తారేమోనని రాయిని బోర్లా పడుకోబెట్టాడు.

ఇక్కడ ఆ షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. గుడ్డ చుట్టిన రాయి ఆఫీసుకి, గోనె చుట్టిన రాయి శ్మశానానికి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే ఏర్పాటు. ట్రాలీ డ్రైవరు చీటీలు చూడడు, ఎవరినీ ఏమీ అడగడు. గుడ్డ కనిపిస్తే ఆఫీసుకి తోలతాడు. ఆఫీసులో కూడా ఆ గుడ్డ విప్పరు. శంకుస్థాపనో ప్రారంభోత్సవమో చేసే పెద్దమనిషి కంటే ముందు తాపీమేస్త్రి రాయిని చూస్తే, అతనే ఆవిష్కరించినట్టు అవుతుందని ఎప్పుడో ఒక సర్క్యులర్ వచ్చింది. అప్పటినుంచి వెనకవైపు సిమెంటు పూసి, గుడ్డతోనే గోడ గూట్లో నిలబెడతారు. ఆ తర్వాత తాడు లాగితే గుడ్డ జారిపోతుంది. ఆ ముడి వేయడంలో మేస్త్రి భార్యది అందెవేసిన చెయ్యి.

"నేను స్నానం చేసొస్తాను. ఈలోగా రెండూ చుట్టి పెట్టు. డ్రైవరొస్తే ఎక్కించుకోమను" అని మేస్త్రి బాత్‌రూములో దూరాడు. సభకి పిలుపు రావడం ఇదే మొదటిసారి కాబట్టి సబ్బు రెండుసార్లు రుద్దుకున్నాడు.

మేస్త్రి భార్య ఆఫీసు రాయికి చుట్టాల్సిన ఎర్రగుడ్డ చేతిలోకి తీసుకుంది. తీసుకుని, ఆ పదకొండు పేర్లూ ఒకసారి చదివింది. నాలుగో పేరు దగ్గర ఆగింది. తర్వాత రెండో రాయిని వెల్లకిలా తిప్పి, అక్క పేరుని వేలితో నిమిరింది. ఎర్రగుడ్డ మడిచి మళ్ళీ బీరువాలో పెట్టేసింది. లోపలినుంచి ఒక ఆకుపచ్చ పరదా తెచ్చింది. అక్క తన చేత్తో అంచు కుట్టి ఇచ్చిన చివరి గుడ్డ అది, ఇంకా తలుపుకి కట్టనే లేదు. "ఊరందరికీ కొత్తబట్టలు కుట్టిన మనిషి, గోనెలో పోతుందా?" అనుకుని, పరదాని అక్క రాయికి చుట్టి, తనకి వచ్చిన ఒకే ఒక్క ముడి వేసింది. మున్సిపాలిటీ రాయికి గోనె కప్పింది. వాళ్ళకి అది చాలనుకుంది.

డ్రైవరొచ్చాడు. గుడ్డ ఒకటి, గోనె ఒకటి కనిపించాయి. ఆమె "జాగ్రత్త బాబూ, ఆకుపచ్చది మా అక్కది" అని చెప్పిన మాట నిజమే. కానీ అప్పటికే ఇంజను స్టార్టయింది. డ్రైవరు తల ఊపాడు. ఆ డ్రైవరు ఎవరేం చెప్పినా తల ఊపుతాడు.

*

సభ బాగానే మొదలైంది. మున్సిపాలిటీ రికార్డు గుమాస్తాకి గొంతు బాగుంటుందని ప్రతి సభలోనూ మైకు అతనికే ఇస్తారు. వీధి పొడవునా, బజారు దాకా, స్తంభానికొక స్పీకరు కట్టారు. వెనక వరసలో కూర్చున్న మేస్త్రి, గోడలో ఉన్న రాయి వైపు తృప్తిగా చూశాడు. ఎర్రగుడ్డకి బదులు ఆకుపచ్చది కనిపించింది. ‘మంచి పరదా ఈ ఆఫీసుకి తగలేసిందేమిటి’ అని మొదట విసుక్కున్నాడు. తర్వాత, మరి ఎర్రగుడ్డ ఏమైనట్టు అనుకున్నాడు. ఆ తర్వాత, శ్మశానం రాయికి ఏం చుట్టిందో అనుకున్నాడు. అక్కడికి వచ్చేసరికి సబ్బుతో రెండుసార్లు రుద్దుకున్న ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

"ఆగండి!" అంటూ లేచాడు. అంతా చప్పట్లు కొడుతున్నారు. చైర్మన్ తాడు లాగాడు. ముడి చక్కగా జారింది.

గుమాస్తాకి ఒక అలవాటుంది. రాయి వైపు తిరిగి, ఉన్నది ఉన్నట్టు పైనుంచి కిందికి చదువుకుంటూ పోతాడు. అర్థం గురించి ఆలోచించడం చదవడం అయ్యాక చేసే పని. మొదట ఆమె పేరు చదివాడు. ఎవరో దాత అనుకుని జనం చప్పట్లు కొట్టారు. పుట్టిన తేదీ చదివాడు, మళ్ళీ కొట్టారు. పోయిన తేదీకి కూడా కొట్టారు, మొదటి వరసవాళ్ళు కాస్త గట్టిగా. గుమాస్తాకి అప్పుడు చిన్న అనుమానం వచ్చింది గానీ, మొదలుపెట్టిన వాక్యం మధ్యలో వదిలేయడం అతనికి చేతకాదు. గొయ్యి దాటాడు, ఏడాది దాటాడు, ‘మూయనివాళ్ళు’ దగ్గర ఊపిరి పీల్చుకుని, చివరి మాట కంచు మోగినట్టు పలికాడు.

బజారు చివరి స్తంభం దాకా ఆ మాట స్పష్టంగా వినిపించింది.  వెనకెక్కడో ఒకాయన అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కొట్టి, చుట్టూ చూసి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"కప్పండి! ముందు దాన్ని కప్పండి!" అని చైర్మన్ అరిచాడు. మైకు ఇంకా పక్కనే ఉండటంతో అదీ బజారు దాకా వెళ్ళింది.

మేస్త్రి గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "అయ్యా, పొరపాటైంది. రాళ్ళు తారుమారయ్యాయి. ఇంకో రాయి ఉంది, అది..."

"ఇది చెక్కింది నువ్వేనా?" అని అడ్డుకున్నాడు లీగల్ ఆఫీసరు.

"నేనేనండీ. కానీ ఆ రెండో రాయి శ్మశానంలో..."

"అడిగినదానికే జవాబు చెప్పు. ఈ మాట చెక్కింది నువ్వేనా, కాదా?"

"నేనే."

లీగల్ ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. పాతికేళ్ళ ఉద్యోగంలో నేరం చేసినవాడు ఇలా మొదటి ప్రశ్నకే దొరకడం ఆయనెప్పుడూ చూడలేదు.

మేస్త్రి అక్కడినుంచి శ్మశానానికి పరుగెత్తాడు. అప్పటికే కాపలాదారు తడి సిమెంటులో రాయి నిలబెట్టేశాడు. గోనె పక్కన పడి ఉంది. పెద్దాయన రాయి ఎదుట గొంతుక్కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో పేరూ వేలు పెట్టి చదువుతున్నాడు. తిడతాడేమోనని మేస్త్రి దూరంగానే ఆగిపోయాడు.

"మేస్త్రీ, ఈ రాయి రాసిందెవరు?"

"మున్సిపాలిటీవాళ్ళే, అన్నయ్యా. తప్పైపోయింది. సిమెంటు ఆరకముందే తీయించేస్తాను."

"ఏడాది తిరిగాను. ఒక్క పేరు చెప్పమంటే చెప్పలేదు. ఇక్కడ పదకొండు పేర్లున్నాయి. ఎవరెవరు ఏమేం చేస్తారో అది కూడా ఉంది." పెద్దాయన లేవలేదు. "ఇంకాసేపు ఉండనీ."

*

మధ్యాహ్నానికల్లా కేంద్రం గోడలోని రాయికి గోతాం కప్పి, గాలికి ఎగిరిపోతుందని ఇద్దరు కాపలావాళ్ళని పెట్టారు. ఏం కప్పారో తెలియకపోయినా, ఇద్దరు మనుషులు ఒక గోతానికి కాపలా కాస్తున్నారంటే ఎవరు మాత్రం చూడకుండా ఉంటారు? జనం వరసకట్టారు. కాపలావాళ్ళు తోసుకోవద్దని చెప్పి, ఒక్కొక్కరికీ గోతాం పైకెత్తి చూపించారు.

మర్నాడు నోటీసు వచ్చింది. ఏ మాట మీద అభ్యంతరమో ఆ మాటని నోటీసులో ఉన్నదున్నట్టు రాయాలని నిబంధన ఉందట. లీగల్ ఆఫీసరు నిబంధన తప్పే మనిషి కాదు. ఆ మాటని లావు అక్షరాల్లో, గీత కూడా గీసి అచ్చువేయించి, ఊళ్ళో ఉన్న తొమ్మిది వార్డుల్లోనూ, రెండు బళ్ళ గోడల మీదా, మేస్త్రి షాపు షట్టరు మీదా అంటించాడు. అప్పటిదాకా ఆ మాట సరిగా విననివాళ్ళు కూడా ఆ రోజు తీరిగ్గా చదువుకున్నారు.

నోటీసులో రెండు ఉత్తర్వులున్నాయి. ఒకటి, మేస్త్రి తన సొంత చేతులతో, సొంత పనిముట్లతో ఇరవైనాలుగు గంటల్లో ఆ మాటని రాయి మీదినుంచి తొలగించాలి. రెండు, విచారణ పూర్తయ్యేదాకా అతని షాపు సీలు చేయడమైనది. మేస్త్రి ఉలులు, సుత్తులు షాపు లోపల ఉన్నాయి.

"సీలు తీస్తే పనిముట్లు తీసుకుని మాట చెరిపేస్తానండీ" అని వెళ్ళి అడిగాడు.

"మాట చెరిపేస్తేనే సీలు తీస్తారు."

"చెరపడానికి ఉలి కావాలి కదండీ?"

"అది నాకెందుకు చెప్తావు? ఫిర్యాదుల కేంద్రంలో చెప్పుకో" అన్నాడు లీగల్ ఆఫీసరు.

కేంద్రానికి వెళ్ళాడు. గోతాం కప్పిన రాయి తలుపు పక్కనే ఉండటం వల్ల, ఆ రాయి సంగతి తేలేదాకా కేంద్రం తెరవరని కాపలావాళ్ళు చెప్పారు. పోనీ నువ్వు కూడా ఒకసారి చూసి వెళ్తావా అని గోతాం ఎత్తబోయారు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. తినలేదు. "అంతా నావల్లే వచ్చింది. ఆ ఎర్రగుడ్డ చుట్టి ఉంటే సరిపోయేది" అంది.

"చుట్టి ఉంటే ఏమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదు."

"అదే నేనూ అనుకుంటున్నా" అన్నాడు మేస్త్రి, ఆమె పక్కన కూర్చుంటూ. ముప్ఫై ఒక్క ఏళ్ళలో చేతిలో ఉలి లేకుండా గడిచిన మొదటి పగలు అది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. మాట నిలబడితే షాపు పోతుంది. షాపు పోతే ఈ వయసులో ఇంకో పని రాదు. భయంగానే ఉంది. ఆ భయాన్ని భార్యకి కనబడకుండా దాచుకోవాలనుకున్నాడు గానీ, ఆమె అప్పటికే చూసేసింది.

*

విచారణ కేంద్రం హాల్లోనే పెట్టారు, పక్క తలుపు తీసి. చైర్మన్, ఆయన వెనక మిగతా పది పేర్లవాళ్ళు ఒక వైపు. మేస్త్రి, భార్య, పెద్దాయన ఒక వైపు. రాసుకునే పని రికార్డు గుమాస్తాది. మైకులో ఆ మాట మొదట అన్నది అతనే కాబట్టి అతను కూడా ముద్దాయే. తన మీది నేరాన్ని తనే అందమైన దస్తూరీతో రాసుకుంటున్నాడు.

లీగల్ ఆఫీసరు లేచి నోటీసు మొత్తం చదివాడు, ఆ మాటతో సహా.

"ఇప్పుడు మీరు కూడా అన్నారండీ" అన్నాడు గుమాస్తా మెల్లగా.

"నేను అనలేదయ్యా, చదివాను."

"నేను కూడా చదివానండీ. చదివినా అన్నట్టే అని మొన్న మీరే కదండీ చెప్పారు."

"రాసుకో, రాసుకో" అని కసిరి, లీగల్ ఆఫీసరు పెద్దాయన వైపు తిరిగాడు. "చూడండి, మాట్లాడే హక్కు అందరికీ ఉంది. కాదనను. కానీ నలుగురూ తిరిగే చోట, నలుగురికీ బాధ కలిగించే మాట ఆ హక్కులోకి రాదు."

"ఎవరికి బాధ కలిగింది బాబూ?"

"అందరికీ."

"అందరూ వరసకట్టి చూసి వెళ్ళారే."

ఎవరో నవ్వబోయి దగ్గారు. లీగల్ ఆఫీసరు పుస్తకం తిరగేశాడు. ఆ మాటతో అవమానపడ్డవాళ్ళు ఎవరైనా ముందుకొచ్చి ఫిర్యాదు మీద సంతకం పెడితే కేసు గట్టిగా నిలబడుతుందని చెప్పాడు. చైర్మన్ ఉత్సాహంగా కలం తీశాడు.

"అవమానపడ్డవాళ్ళంటే ఎవరు?" అని అడిగాడు, మూత విప్పుతూ.

"రాయి మీద ఉన్న ప్రకారం, గొయ్యి మూయనివాళ్ళండీ."

చైర్మన్ కలం మూత పెట్టేశాడు. తల తిప్పి వెనకున్న పదిమందిని చూశాడు. పదిమందీ హాలు పైకప్పుని ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. డ్రైనేజీ ఇంజనీరు అయితే ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు పెదాలు కూడా కదిపాడు.

"సరే, అవమానం సంగతి వదిలేయండి. సభ్యత సంగతి చూడండి" అన్నాడు చైర్మన్. "పెద్దాయనా, మీ కష్టం మాకు తెలీదా? కోపమొస్తే ఇంట్లో కూర్చుని ఎంతైనా తిట్టుకోండి, ఎవరొద్దన్నారు? బజార్లో ఎందుకు?"

"ఇంట్లో వినడానికి ఎవరున్నారు బాబూ?" అన్నాడు పెద్దాయన.

గుమాస్తా కలం ఆగిపోయింది. మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చైర్మన్ నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

లీగల్ ఆఫీసరు పుస్తకం మూశాడు. మేస్త్రి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నీకో దారి చూపిస్తాను. చీటీ ఇచ్చిన మనిషి నిన్ను మోసం చేశాడని చెప్పు. ఏముందో చూసుకోకుండా చెక్కేశానని చెప్పు. కేసంతా ఆయన మీదికి పోతుంది, నీ షాపు ఈ పూటే తెరుస్తాం."

మేస్త్రి తన చేతుల వైపు చూసుకున్నాడు. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. నమ్మడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ఆ నియమం గోడ మీద రాసుకున్న రోజున ఇలాంటి రోజొకటి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, ఆ గోడకి సున్నం కొట్టించేవాడు.

"చీటీలో ఉన్నదే చెక్కానండీ" అన్నాడు. "చూసే చెక్కాను. మూడు రోజులు ఆలోచించి కూడా చెక్కాను."

"అయితే షాపు శాశ్వతంగా..." అని లీగల్ ఆఫీసరు మొదలుపెట్టేసరికి, పెద్దాయన కర్ర ఊతంతో లేచాడు.

"ఆగండి. ఆ మాట తీసేయించండి. నేనే ఒప్పుకుంటున్నాను. ఇకమీదట ఆ మాట ఎక్కడా రాయనని సంతకం కూడా పెడతాను. మేస్త్రి షాపు తెరవండి. పాపం ఆ గుమాస్తాని కూడా వదిలేయండి."

"అన్నయ్యా, వద్దు" అన్నాడు మేస్త్రి.

"నువ్వుండు. మా ఆవిడ బతికుంటే, నా నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు నాకు అన్నం పెట్టేది కాదు." పెద్దాయన చైర్మన్ వైపు తిరిగాడు. "బదులుగా నాకు కావలసింది ఒక్కటే. మాట చెరిపేశాక ఆ రాయి నాకు ఇచ్చేయండి. ఇప్పుడు మా ఆవిడ దగ్గర ఇంకో రాయి నిలబెట్టి ఉంది. సిమెంటు కూడా ఆరిపోయింది. దాన్ని ఎవరూ కదపకూడదు. అంతే."

"అయ్యా, ఆ రెండో రాయి గురించి నేను మొదటినుంచీ చెప్పబోతున్నాను..." అన్నాడు మేస్త్రి. మొహమాటానికి కాదు, నిజంగానే చెప్పేద్దామని.

"అడిగినదానికే జవాబు చెప్పమన్నానా?" అని లీగల్ ఆఫీసరు గద్దించాడు. తర్వాత పెద్దాయనని అడిగాడు. "ఆ రెండో రాయి మీద ఈ మాట గానీ, ఇలాంటి ఇంకో మాట గానీ ఉందా?"

"ఒక్కటీ లేదు. అన్నీ గౌరవమైన మాటలే."

చైర్మన్ గట్టిగా ఊపిరి వదిలాడు. లీగల్ ఆఫీసరు అక్కడికక్కడే ఉత్తర్వు రాయించాడు. సదరు సమాధి వద్ద నిలిపి ఉన్న రాయిని కుటుంబ సభ్యుల అనుమతి లేకుండా ఎవరూ, ఎన్నడూ కదపరాదు. చైర్మన్ సంతకం పెట్టాడు, ముద్ర వేశారు. గుమాస్తా ఒక నకలు పెద్దాయన చేతిలో పెట్టి, ఎవరూ చూడకుండా ఆ చెయ్యి ఒకసారి నొక్కి వదిలాడు.

*

ఆ సాయంత్రం సీలు తీశారు. మేస్త్రి ఉలి పట్టుకుని, తన పనిలోకెల్లా బాగా కుదిరిన మాటని తనే చెక్కి తీసేశాడు. అంగుళం లోతు పోయింది. ఆ మాట ఉన్నచోట చిన్న పల్లం మిగిలింది, వానొస్తే నీళ్ళు నిలిచేంత. గోడలోంచి ఊడదీసిన ఆ రాయిని ఆకుపచ్చ పరదాలోనే చుట్టి తీసుకెళ్ళారు. ఈసారి డ్రైవరు పక్కన మేస్త్రి భార్య కూర్చుంది.

రెండు రాళ్ళనీ ఒకదాని కింద ఒకటి పెట్టించాడు పెద్దాయన. పై రాయి మీద ఆమె పేరు, రెండు తేదీలు, ‘ఏడాది గడిచినా ఆ గొయ్యి మూయనివాళ్ళు’, ఆ పక్కన పల్లం. సరిగ్గా దాని కింద మున్సిపాలిటీ రాయి, పదకొండు పేర్లు, హోదాలతో సహా. చైర్మన్ పేరు అందరికంటే లావు అక్షరాల్లో.

మేస్త్రి పైనుంచి కిందికి ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కండువాతో ముఖం తుడుచుకుని, పేర్లలో నిండిన దుమ్ము ఊదేశాడు.

పెద్దాయన జేబులోంచి ఒక కాగితం తీసి, కింది రాయి ముందు పెట్టి, గులకరాయి బరువు పెట్టాడు. అది పద్దెనిమిదో అర్జీ. బాధ్యుడైన అధికారి పేరు గడిలో చోటు చాలక, వెనకవైపు కూడా రాశాడు. రాయి మీద ‘ఫిర్యాదుల స్వీకరణ కేంద్రం’ అని స్పష్టంగానే ఉండటంతో, వారం తిరిగేసరికి ఊళ్ళోవాళ్ళు కూడా అర్జీలు తెచ్చి అక్కడే పెట్టడం మొదలుపెట్టారు. తెరవని కేంద్రానికి వెళ్ళడం కంటే ఇది నయం అనుకున్నారు. ఇక్కడ కనీసం ఎవరూ తిప్పి పంపరు.

పదో రోజున చైర్మన్ స్వయంగా వచ్చి చూశాడు. పై రాయి చదివి, కింది రాయిలోకి దిగి, మొదటి పేరు దగ్గర ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "దీన్ని ఇప్పుడే పీకించు" అన్నాడు లీగల్ ఆఫీసరుతో.

"పీకించలేమండీ. కదపకూడదని తమరే సంతకం పెట్టారు. పైగా ఇందులో అసభ్యమైన మాట ఒక్కటీ లేదు."

"నా పేరుంది కదయ్యా!"

లీగల్ ఆఫీసరు రాయి వైపు చూసి, పుస్తకం తిరగేసి, నిజాయితీగా జవాబు చెప్పాడు. "పేరు అసభ్యం కిందికి రాదండీ."

ఆ తర్వాత మున్సిపాలిటీ ఊరుకుందని అనడం అన్యాయం. సమాధి చూడడానికి వెళ్ళేవాళ్ళంతా ఆ వీధి మీదుగానే వెళ్ళడం, గొయ్యి దగ్గరకి రాగానే విరిగిన కుర్చీని చూసి పైకే తిట్టడం ఎక్కువైందని నివేదిక వెళ్ళింది. అత్యవసర సమావేశం జరిగింది, తీర్మానం పాసైంది, మేస్త్రికి చీటీ వచ్చింది. ‘ఈ పరిసరాల్లో అసభ్య పదజాలం వాడరాదు’ అని పెద్ద రాయి మీద చెక్కాలని అందులో ఉంది. మేస్త్రి చీటీలో ఉన్నదే చెక్కాడు, భార్య ఎర్రగుడ్డే చుట్టింది.

ఆ రాయి పాతడానికి మున్సిపాలిటీవాళ్ళు ఆ గొయ్యి పక్కనే ఇంకో గొయ్యి తవ్వారు.